లంక గ్రామంలో ఫ్లూ వ్యాప్తిని లెక్కగట్టడం ఎలా?

సంక్రాంతి వెళ్ళిన వారం పది రోజులకు ఒకసారి, గోదావరి వరద తీసిన తరువాత మరొకసారి, నది పాయల మధ్య దీవుల్లో ఉన్న లంక గ్రామాల నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది: “మా లంకలో ఇంటింటా జ్వరం, దగ్గు. ఇది మామూలు రొంపేనా, ఫ్లూ వ్యాపిస్తోందా? ఎలా తెలుసుకోవాలి, ఎవరికి చెప్పాలి?” అడిగేవారిలో ఆశా కార్యకర్తలు ఉన్నారు, బడి ఉపాధ్యాయులు ఉన్నారు, పంచాయతీ వార్డు సభ్యులు, సెలవులకు ఇంటికి వచ్చిన కళాశాల విద్యార్థులు కూడా ఉన్నారు. వారందరికీ పనికివచ్చేలా, నేను లంకల్లో తిరిగి నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

చికిత్స వైద్యుల పని కనుక దాని జోలికి అవసరమైనంత వరకే వెళ్తాను. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ పేటలో ఉంది, పెరుగుతోందా తగ్గుతోందా అన్న మూడు ప్రశ్నలకు నమ్మదగిన జవాబు మీ నోటు పుస్తకంలో ఉండాలి. ఆ జవాబు ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పడవ మీద వచ్చే బృందానికి మొదటి రోజు వృథా కాదు.

కావలసినవి

పెద్ద గీతల నోటు పుస్తకం ఒకటి, దానికి నకలు రాసుకోవడానికి మరొకటి. రెండు డిజిటల్ థర్మామీటర్లు, ఎందుకంటే ఒకదాని బ్యాటరీ అయిపోయేది సరిగ్గా జ్వరాలు ఎక్కువైన రోజునే. వీలైతే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్. పండుగలు, తిథులు, సంత రోజులు కనిపించే గోడ క్యాలెండర్. ఇంటింటికీ వెళ్ళేవారికి మాస్కులు, సబ్బు. నీళ్ళలో తడవని ప్లాస్టిక్ సంచి. ఏఎన్‌ఎం (గ్రామ ఆరోగ్య నర్సు), ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, రేవు దగ్గర పడవ నడిపేవారు, బడి ప్రధానోపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్త, వీరందరి ఫోన్ నంబర్లు పుస్తకం మొదటి పుటలోనే రాసి ఉండాలి. స్మార్ట్‌ఫోన్‌లో పట్టిక వేసుకోగలిగితే మంచిదే, కానీ కాగితాన్ని మానవద్దు. వరద రోజుల్లో కరెంటూ సిగ్నలూ ఒకేసారి పోతాయి.

1. జ్వరాలు లేని రోజుల్లోనే ఇళ్ళ జాబితా తయారు చేయండి

జబ్బు మొదలైన తరువాత జాబితా మొదలుపెట్టడం ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం వంటిది. ముందుగా లంక పటం చేత్తో గీయండి: రేవు, ఏటిగట్టు, ఒక్కొక్క పేట, బడి, గుడి, చర్చి, మంచినీటి ట్యాంకు. ప్రతి ఇంటికీ మీదైన వరుస సంఖ్య ఇచ్చి, ఇంట్లో రాత్రి పడుకునేవారు ఎంతమందో వయస్సులతో రాయండి. రేషన్ కార్డులో పేరు ఉండి హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో ఉంటున్నవారిని ఈ లెక్కలో కలపవద్దు. కార్డులో పేరు లేకపోయినా ఇటుక బట్టీ దగ్గర పాకలో ఉంటున్న వలస కుటుంబాన్ని వదలవద్దు. వారిని ఎవరూ లెక్కించరు కనుక జబ్బు అక్కడ మొదలైతే అందరికన్నా ఆలస్యంగా తెలుస్తుంది.

గర్భిణులు, ఐదేళ్ళలోపు పిల్లలు, 65 ఏళ్ళు దాటినవారు, మధుమేహం, ఉబ్బసం, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు నివసించే ఇళ్ళకు పటంలో చిన్న చుక్క పెట్టండి. ఫ్లూ ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా వీరికే. ఊళ్ళో జ్వరాలు మొదలయ్యాక మీరు ముందుగా వెళ్ళవలసిన ఇళ్ళు ఇవే.

2. ఎవరిని లెక్కించాలో ఒక్కసారి తేల్చుకుని, మధ్యలో మార్చకండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ లాంటి జబ్బుకు ఇచ్చిన నిర్వచనం చిన్నది: కొలిచినప్పుడు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, దానితోపాటు దగ్గు, ఈ రెండూ గత పది రోజుల్లో మొదలై ఉండాలి. మన థర్మామీటర్లలో ఎక్కువ భాగం ఫారెన్‌హీట్‌లో చూపిస్తాయి కనుక 100.4 అని గుర్తుపెట్టుకోండి. ఇదే లక్షణాలతో ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే దానిని తీవ్రమైన శ్వాసకోశ జబ్బుగా వేరే గుర్తుతో రాయాలి.

ఈ నిర్వచనం కొందరిని వదిలేస్తుంది. వృద్ధుల్లో ఫ్లూ వచ్చినా జ్వరం కనిపించకపోవచ్చు. ఉదయమే పారాసిటమాల్ వేసుకున్నవారి ఒళ్ళు మీరు వెళ్ళేసరికి చల్లగా ఉంటుంది. చిన్నపిల్లల్లో వాంతులు, విరేచనాలు కూడా కలిసి రావచ్చు. అటువంటివారి కోసం పుస్తకంలో “అనుమానం” అనే విడి గడి పెట్టుకోండి. అసలు లెక్కలో మాత్రం నిర్వచనానికి సరిపోయినవారినే చేర్చండి. మొదటి వారం జలుబు చేసినవారినందరినీ రాసి, రెండో వారం పని భారం పెరిగిందని జ్వరం ఉన్నవారినే రాస్తే, జబ్బు తగ్గకుండానే లెక్క తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. దగ్గు, గొంతునొప్పి ఏమీ లేకుండా తీవ్రమైన జ్వరంతో కళ్ళ వెనుక నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, చలి వణుకు, కామెర్లు కనిపిస్తే అది డెంగీ కావచ్చు, మలేరియా కావచ్చు, వరద బురదలో తిరిగినవారికి లెప్టోస్పైరోసిస్ కావచ్చు. “విషజ్వరాలు” అని అన్నింటినీ ఒకే మూట కట్టే అలవాటు మనకు ఉంది. పుస్తకంలో ఆ మాట రాయవద్దు. దగ్గుతో కూడిన జ్వరం ఒక పుటలో, దగ్గు లేని జ్వరం వేరొక పుటలో రాయండి. కోవిడ్‌ను, ఫ్లూను లక్షణాలతో విడదీయడం ఎవరి వల్లా కాదు, దానికి పరీక్ష కావలసిందే.

3. లంకలో మీకు ముందుగా కబురు చెప్పేవారిని కూడగట్టండి

జ్వరం వచ్చిన మొదటి రోజే ఎవరూ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళరు. లంకలో అయితే అసలే వెళ్ళరు. పడవ దాటాలి, ఆటో ఎక్కాలి, కూలి పోగొట్టుకోవాలి. అందుచేత జబ్బు ఆనవాళ్ళు ముందుగా వేరేచోట్ల కనిపిస్తాయి. బడిలో మధ్యాహ్న భోజనానికి హాజరైన పిల్లల సంఖ్య రోజూ రాస్తారు, ఆ సంఖ్య ఉన్నట్టుండి పడిపోతే అడగండి. కిరాణా కొట్టులో జ్వరం బిళ్ళలు ఎన్ని అమ్ముడయ్యాయో కొట్టు యజమానికి తెలుసు. కొబ్బరి దింపు ముఠాలో నలుగురు రావలసినచోట ఇద్దరే వస్తే మేస్త్రికి తెలుసు. అవతలి గట్టు ఆసుపత్రికి ఎవరిని ఎక్కించుకుని వెళ్ళారో పడవ నడిపేవారికి అందరికన్నా ముందు తెలుసు.

ఊళ్ళో సూది వేసే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళడానికి చాలామంది ఆరోగ్య సిబ్బంది మొహమాటపడతారు. నా అభిప్రాయంలో అది పొరపాటు. ఎక్కువమంది మొదట వెళ్ళేది ఆయన దగ్గరికే. ఆయన వైద్యాన్ని మీరు సమర్థించనక్కరలేదు. “ఈ రోజు దగ్గు, జ్వరంతో ఎంతమంది వచ్చారండీ, ఏ పేట వాళ్ళు?” అని సాయంత్రం ఒక్క ఫోన్ చేస్తే చాలు. పేర్లు చెప్పమని మొదటి రోజే ఒత్తిడి చేయవద్దు, సంఖ్య చెప్పడం అలవాటైన తరువాత పేర్లూ చెబుతారు. ఫ్లూ వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదనీ, పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదనీ వైద్యాధికారి చేత ఒకసారి ఆయనకు చెప్పించండి.

4. రోజూ ఒకే వేళకు రాయండి, సున్నా అయినా సరే రాయండి

ఒక్కొక్క రోగికి ఒక్కొక్క వరుస. అందులో ఉండవలసిన గడులు: ఇంటి సంఖ్య, పేరు, వయస్సు, ఆడ లేదా మగ, జ్వరం మొదలైన తేదీ, మీరు రాసిన తేదీ, కొలిచిన ఉష్ణోగ్రత, దగ్గు ఉందా, బడి లేదా పని చోటు, జ్వరానికి ముందు నాలుగు రోజుల్లో లంక దాటి ఎక్కడికైనా వెళ్ళారా లేదా బయటినుంచి ఇంటికి ఎవరైనా వచ్చారా, ప్రమాద లక్షణాలు, ఎక్కడికి పంపారు, ఏమైంది. ఇంతకన్నా గడులు పెంచితే మూడో రోజుకే సగం ఖాళీగా మిగులుతాయి.

రోగులు లేని రోజున కూడా ఆ తేదీ వేసి “0” అని రాయాలి. ఇది చాలామందికి చాదస్తంగా కనిపిస్తుంది. అయితే ఖాళీగా ఉన్న పుటను చూసి ఆ రోజు జ్వరాలు లేవో, మీరు వెళ్ళలేదో, పడవ నడవలేదో ఎవరూ చెప్పలేరు. వెళ్ళలేకపోతే “వెళ్ళలేదు” అని రాయండి. పేటల వారీగా కూడా అంతే: మూడు పేటలు చూసి నాలుగో పేట చూడకపోతే ఆ సంగతి కనిపించాలి.

ఇంటికి వెళ్ళినప్పుడు గడపలోపలికి వెళ్ళనక్కరలేదు, వాకిట్లో గాలి తగిలేచోట నిలబడి మాట్లాడండి. మాస్కు పెట్టుకోండి. థర్మామీటరును ప్రతి మనిషికీ మధ్య సబ్బునీటితో గానీ స్పిరిట్‌తో గానీ తుడవండి. ఈ జాగ్రత్త లేకపోతే, ఫ్లూను ఇల్లిల్లూ తిప్పేది లెక్క రాసే మనిషే అవుతారు.

5. జ్వరం మొదలైన తేదీని పట్టుకోండి

ఈ మొత్తం పనిలో నేను అన్నింటికన్నా ఎక్కువగా పట్టుబట్టేది ఈ ఒక్క గడి గురించే. చాలా ఏళ్ళ క్రితం ఒక లంకలో నేను జ్వరాల లెక్క రాసినప్పుడు, మనిషి నా దగ్గరికి వచ్చిన తేదీని జబ్బు తేదీగా వేశాను. నాలుగు రోజులకొకసారి పడవ మీద వెళ్ళేవాడిని. వెళ్ళిన ప్రతిసారీ జబ్బు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించేది. రెండోసారి వచ్చిన సంఖ్యను చూసి భయపడి, ఊరంతా మంచాన పడబోతోందని పైవారికి చెప్పాను. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టి రెండు రోజులైంది. మందులు, మనుషులు నా లంకకు వచ్చారు, అదే వారం జ్వరాలు నిజంగా పెరుగుతున్న పక్క లంకకు ఆలస్యంగా వెళ్ళారు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఒక ఊహా లెక్కతో చూపిస్తాను. 96 ఇళ్ళు, 340 మంది ఉన్న లంక అనుకుందాం. జ్వరం మొదలైన తేదీల ప్రకారం జనవరి 16న 1, 17న 0, 18న 3, 19న 4, 20న 7, 21న 9, 22న 6, 23న 5, 24న 2, 25న 1. మొత్తం 38 మంది. ఇప్పుడు ఏఎన్‌ఎం 19న, 23న, 26న మాత్రమే వచ్చి, వచ్చిన రోజునే తేదీగా వేశారనుకోండి. పుస్తకంలో 19న 8, 23న 27, 26న 3 అని పడుతుంది. 23వ తేదీ సాయంత్రం ఈ రెండో లెక్క చూసినవారు మంట అంటుకుందనుకుంటారు. మొదటి లెక్క చూసినవారికి 21నే జబ్బు శిఖరం దాటిందని తెలుస్తుంది. అదే 38 మంది, అదే జబ్బు.

తేదీ అడిగితే మనవాళ్ళు “నాలుగైదు రోజులైందండీ” అంటారు. ఆ జవాబుతో ఆగవద్దు. పండుగలూ సంతలూ పట్టుకుని అడగండి: “కనుమ నాడు బాగానే ఉన్నారా అమ్మా? ప్రభల తీర్థానికి వెళ్ళొచ్చిన రాత్రి ఒళ్ళు వెచ్చగా ఉందా, మర్నాడా? సంతకు వెళ్ళిన రోజు పనిలోకి వెళ్ళారా?” ఇలా అడిగితే ఒక రోజు అటూ ఇటూగా సరైన తేదీ దొరుకుతుంది. ఎంత అడిగినా తేలకపోతే అంచనా తేదీ వేసి పక్కన చుక్క పెట్టండి, ఊహను నిజంగా రాయవద్దు.

తేదీలు చేతికి వచ్చాక గళ్ళ కాగితం మీద అడుగున తేదీలు వేసి, ఒక్కొక్క రోగికి ఒక్కొక్క గడి చొప్పున పైకి నింపుకుంటూ వెళ్ళండి. చదువు రానివారికి కూడా ఆ బొమ్మ చూడగానే జబ్బు ఎటు వెళ్తోందో అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త: చివరి రెండు మూడు రోజుల గడులు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయి, ఎందుకంటే నిన్న జ్వరం మొదలైనవారు ఇంకా మీ కంట పడలేదు. ఆ పొట్టితనాన్ని చూసి తగ్గిందని ప్రకటించకండి.

6. ఎప్పుడు కబురు పంపాలి?

ఫ్లూ వైరస్ ఒంట్లో ప్రవేశించాక లక్షణాలు కనిపించడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు, సగటున రెండు రోజులు పడుతుంది. లక్షణాలకు ఒక రోజు ముందునుంచే మనిషి ఇతరులకు అంటించగలడు, ఆ తరువాత ఐదు నుంచి ఏడు రోజుల దాకా అంటిస్తూనే ఉంటాడు. అంటే మీరు ఆలోచించుకుంటూ గడిపిన మూడు రోజుల్లో కొత్త తరం రోగులు తయారవుతారు.

పెద్ద పట్టణాల్లో గత ఏళ్ళ సగటుతో పోల్చి చూస్తారు. నాలుగు వందల మంది ఉన్న లంకలో మామూలు రోజుల సంఖ్య సున్నా, లేదా ఒకటి, కనుక ఆ సగటు మీకు పెద్దగా ఉపయోగపడదు. నేను పాటించే కొలమానం ఇది, ప్రభుత్వ నిబంధనగా భావించవద్దు: ఒకదానికొకటి చుట్టరికం లేని మూడు ఇళ్ళలో మూడు రోజుల్లోపు దగ్గుతో కూడిన జ్వరం వస్తే, లేదా ఒకే తరగతిలో ముగ్గురు పిల్లలు జ్వరంతో మానేస్తే, ఆ సాయంత్రమే ఏఎన్‌ఎంకు ఫోన్ చేయాలి. ఊపిరి అందక ఒక్కరు ఆసుపత్రిలో చేరినా, దగ్గు జ్వరంతో ఒక్క మరణం జరిగినా సంఖ్య కోసం ఎదురుచూడవద్దు.

మన దేశంలో 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఏఎన్‌ఎం లక్షణాల ఆధారంగా నింపే పత్రం ఒకటి, వైద్యాధికారి నింపేది ఒకటి, ప్రయోగశాల నింపేది ఒకటి ఉంటాయి. 2021 నుంచి ఈ సమాచారం ఆన్‌లైన్ వేదికలోకి వెళుతోంది. మీరు ఇచ్చే కబురు ఆ దారిలోకి చేరిందో లేదో మరునాడు అడిగి తెలుసుకోండి. ఫోన్‌లో చెప్పేటప్పుడు “ఊళ్ళో చాలా జ్వరాలండీ” అనకుండా, “ఫలానా పేటలో 5 ఇళ్ళలో 8 మందికి, మొదటిది 16న, చివరిది నిన్న, ఇద్దరు గర్భిణులు” అని చెప్పండి. రెండో వాక్యం విన్న వైద్యాధికారి ఎంతమందిని, ఏ మందులతో పంపాలో అప్పటికప్పుడే నిర్ణయించగలరు.

ప్రమాద లక్షణాలు ఉన్నవారిని ఈ లెక్కలేవీ ఆపకూడదు. ఆయాసం, ఛాతీ నొప్పి, పెదవులు నీలంగా మారడం, మగత, మాట తడబడటం, పసిపిల్ల పాలు తాగకపోవడం, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టి దగ్గు ముదరడం, ఆక్సీమీటరులో 94 కన్నా తక్కువ చూపడం, వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేసి పడవ సిద్ధం చేయించండి. పిల్లల శ్వాసను నిమిషం పాటు లెక్కించండి: రెండు నెలల్లోపు శిశువుకు 60, రెండు నెలలు దాటి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40, ఈ సంఖ్యలకు చేరినా దాటినా అది వేగమైన శ్వాసే. ఒసెల్టామివిర్ అనే మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువగా పనిచేస్తుంది, అది ఎవరికి ఇవ్వాలో వైద్యులు నిర్ణయిస్తారు. లంకలో పడవ కోసం పోయే ప్రతి పూటా ఆ 48 గంటల్లో నుంచే పోతుంది.

7. నమూనాలు: అందరికీ అక్కరలేదు

పరీక్ష చేయనిదే ఫ్లూ అని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. అయితే నలభై మందికీ పరీక్ష కావాలని పట్టుబట్టవద్దు. లక్షణాలు కొత్తగా మొదలైన నలుగురైదుగురి నుంచి ముక్కు, గొంతు నమూనాలు తీస్తే ఊళ్ళో తిరుగుతున్నది ఏమిటో తేలుతుంది. జ్వరం వచ్చి మూడు నాలుగు రోజుల్లోపువారైతే మంచిది, వారం దాటినవారి నమూనాలో వైరస్ దొరికే అవకాశం తగ్గిపోతుంది. ఇక్కడ కూడా మీ తేదీల గడే దారి చూపుతుంది. ఇక ఆసుపత్రిలో చేరినవారికి పరీక్ష ఎలాగూ చేస్తారు.

నమూనా తీయడం శిక్షణ పొందిన సిబ్బంది పని. మీరు చూడవలసింది ప్రయాణం. వైరస్ రవాణా ద్రవంలో ఉన్న నమూనాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి 72 గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చాలి. రేవులో చివరి పడవ ఎన్ని గంటలకో ముందే కనుక్కుని, ఉదయం పూట నమూనాలు తీసేలా చూడండి. డబ్బాను పడవ అడుగున నీళ్ళు చేరేచోట పెట్టనీయవద్దు, ఎండ తగిలేచోటా పెట్టనీయవద్దు. సీసా మీది పేరు, వయస్సు, తేదీ మీ పుస్తకంతో సరిపోయాయో లేదో పడవ ఎక్కించే ముందు ఒక్కసారి చూడండి. ఫలితం “లేదు” అని వచ్చినంత మాత్రాన లెక్క ఆపవద్దు. నమూనా ఆలస్యమై ఉండవచ్చు, తిరుగుతున్నది వేరొక వైరస్ అయినా కావచ్చు.

ఫలితంలో హెచ్1ఎన్1 అని వస్తే ఊళ్ళో “స్వైన్ ఫ్లూ” అని గగ్గోలు పుడుతుంది. 2009లో ప్రపంచమంతా వ్యాపించిన ఆ రకం ఇప్పుడు ఏటా తిరిగే ఫ్లూ రకాలలో ఒకటైపోయిందని చెప్పండి.

8. రేవును గమనించండి, మూయించకండి

ద్వీపాల్లో ఫ్లూ ఎలా వస్తుందో చరిత్రలో రెండు సంఘటనలు చెబుతాయి. 1918 నవంబరు 7న తలూనే అనే ఓడ పశ్చిమ సమోవాలోని అపియా రేవుకు వచ్చింది, కొద్ది వారాల్లోనే అక్కడి జనాభాలో సుమారు అయిదో వంతు మరణించింది. ఓడలను కట్టడి చేసిన పొరుగునున్న అమెరికన్ సమోవాలో ఆ జబ్బుతో ఒక్కరూ చనిపోలేదు. దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డా కున్హా ద్వీపంలో 1971 ఆగస్టులో కేప్‌టౌన్ నుంచి వచ్చిన ఓడతోపాటు ఫ్లూ ప్రవేశించి, 284 మందిలో 273 మందికి సోకింది.

ఇది చదివి రేవు మూసేద్దామని కొందరు యువకులు అంటారు. మన లంకలు సముద్రం మధ్య ద్వీపాలు కావు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మీద రోజూ పాలు, కూరగాయలు, కొబ్బరి, అరటి గెలలు, బడి పిల్లలు దాటుతూనే ఉంటారు. రేవు మూస్తే రోగికి ఆసుపత్రి దూరమవుతుంది, కూలివాడికి అన్నం దూరమవుతుంది, జబ్బు మాత్రం ఆగదు. చేయదగినది వేరే ఉంది. జ్వరం, దగ్గు ఉన్నవారిని కిక్కిరిసిన పడవలో కాకుండా విడిగా తీసుకువెళ్ళేలా పడవ నడిపేవారితో మాట్లాడండి. పండుగలకు, అంతర్వేది కల్యాణానికి, పెళ్ళిళ్ళకు జనం ఎక్కువగా వచ్చిపోయిన తేదీలను క్యాలెండర్‌లో గుర్తించి, ఆ తరువాతి వారం రోజుల్లో ఇంటింటి తనిఖీని గట్టిగా చేయండి. మన దేశంలో ఫ్లూ సాధారణంగా జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానాకాలం చివర మరొకసారి పెరుగుతుంది. సంక్రాంతి రాకపోకలు సరిగ్గా మొదటిదాని మీదనే పడతాయి.

మొదటి రోగి ఎవరో తెలుసుకోవడం అవసరమే, కానీ ఆ పేరు మీ పుస్తకం దాటకూడదు. “ఫలానా వాళ్ళమ్మాయి గల్ఫ్ నుంచి తెచ్చింది” అన్న మాట ఒక్కసారి బయటికి వస్తే ఆ ఇంటిని ఏళ్ళ తరబడి వేలెత్తి చూపుతారు, మరుసటి సంవత్సరం ఏ ఇల్లూ మీకు జ్వరం సంగతి చెప్పదు. వాట్సాప్ బృందాల్లో సంఖ్యలే పెట్టండి, పేర్లు, ఇంటి ఫొటోలు ఎప్పటికీ పెట్టకండి.

కోళ్ళు గుంపులుగా చనిపోతుంటే అది వేరే హెచ్చరిక. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. చచ్చిన కోళ్ళను ఉత్త చేతులతో ముట్టుకోనీయకుండా, కాలువలో పారేయనీయకుండా పశుసంవర్ధక సిబ్బందికి చెప్పండి. కోళ్ళను సాకిన ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆ సంగతి పుస్తకంలో ప్రత్యేకంగా రాసి వైద్యాధికారికి అదే రోజు తెలపండి.

9. సంఖ్యను జనాభాతో భాగించి చూడండి

పై ఊహా లంకలోనే 15 ఏళ్ళలోపు పిల్లలు 80 మంది, 15 నుంచి 59 ఏళ్ళవారు 210 మంది, 60 దాటినవారు 50 మంది అనుకుందాం. జబ్బుపడినవారు వరుసగా 20, 14, 4. రోగుల సంఖ్యే చూస్తే వృద్ధులు నలుగురే కనుక వారిని పట్టించుకోనక్కరలేదనిపిస్తుంది. భాగించి చూస్తే పిల్లల్లో నూటికి 25, నడివయస్సువారిలో నూటికి సుమారు 7, వృద్ధుల్లో నూటికి 8. వృద్ధులు నడివయస్సువారికన్నా తక్కువగా ఏమీ లేరు, పైగా వారికి ముప్పు ఎక్కువ. లంక మొత్తానికి 340లో 38, అంటే నూటికి 11.

అయితే ఈ భాగహారాన్ని మరీ చిన్న గుంపులకు వాడవద్దు. ఒక పేటలో 12 మందే ఉండి నలుగురికి జ్వరం వస్తే “నూటికి 33” అని చెప్పడం నిజమే అయినా మోసపుచ్చుతుంది. అక్కడ “12 మందిలో 4” అనే రాయండి.

10. వరద వస్తే

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 వద్ద రెండోది, 17.75 వద్ద మూడోది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వినగానే పుస్తకంలోని పుటలను ఫోన్‌తో ఫొటో తీసి ఏఎన్‌ఎంకు పంపండి, నకలు పుస్తకాన్ని గట్టు అవతల నమ్మకమైనవారి దగ్గర ఉంచండి. 2022 జూలై వరదల వంటి సమయంలో ప్రజలు పునరావాస కేంద్రాలకు తరలితే అక్కడ బడి గదుల్లో పక్కపక్కనే పడుకోవలసి వస్తుంది, ఫ్లూకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. కేంద్రంలో చేరే సమయంలోనే దగ్గు, జ్వరం అడిగి, ఉన్నవారికి విడి గది లేదా వరండా ఇప్పించండి. రోగి వివరాల్లో కేంద్రం పేరుతోపాటు సొంత లంక, పేట కూడా రాయండి, లేకపోతే నీరు తీశాక ఎవరి లెక్క ఎవరిదో తేలదు. భాగహారానికి లంక జనాభాను కాకుండా ఆ రాత్రి కేంద్రంలో పడుకున్నవారి సంఖ్యను తీసుకోండి.

11. మీ లెక్క సరైనదేనా? జబ్బు ఆగిందా?

వారానికొకసారి, మీ లెక్క రాయని మరొకరి చేత పది ఇళ్ళను చీట్లు తీసి ఎంపిక చేయించి, వారితోనే అడిగించండి. పది ఇళ్ళలో మీ పుస్తకంలో లేని జ్వరాలు రెండు మూడు దొరికితే ఏ పేటలో తప్పిపోతున్నాయో చూసి అక్కడ మనిషిని మార్చండి. ఒకే మనిషి ఆశా పుస్తకంలోనూ, ఆర్‌ఎంపీ చెప్పిన లెక్కలోనూ, బడి జాబితాలోనూ మూడుసార్లు పడటం చాలా మామూలు. ఇంటి సంఖ్య, వయస్సు కలిపి చూసి రెండోదాన్ని కొట్టివేయండి. ఇంటిపేరు ఒక్కటే చూస్తే కుదరదు, లంకల్లో సగం ఇళ్ళది ఒకే ఇంటిపేరు.

సంఖ్య ఉన్నట్టుండి సున్నాకు పడిపోతే సంతోషించే ముందు, ఆ రోజు ఎవరు తిరిగారో, ఏ పేటకు వెళ్ళారో చూడండి. చాలాసార్లు ఆదివారాలు, పండుగలు, పడవ నడవని రోజులు ఇలా కనిపిస్తాయి.

చివరి రోగికి జ్వరం మొదలైన తేదీనుంచి ఎనిమిది రోజులపాటు, అంటే వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి పట్టే గరిష్ఠ కాలానికి రెట్టింపు రోజులు, కొత్తగా ఎవరికీ రాకపోతే ఈ విడత ముగిసిందని వైద్యాధికారితో కలిసి నిర్ణయించండి. ఆ ఎనిమిది రోజులూ తిరుగుతూ, ప్రతి పేటకూ “0” రాస్తూనే ఉండాలి. ఎనిమిదో సున్నా కింద తేదీ వేసి, మీరూ ఏఎన్‌ఎం సంతకాలు చేసి, నకలును ఆరోగ్య కేంద్రంలో ఇచ్చి, అసలు పుస్తకాన్ని ఇళ్ళ పటంతో కలిపి ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూలానికి కట్టి ఉంచండి.